బిళ్ళగన్నేరు పసరు

మొదటి మొక్క వేళ్ళతో సహా వచ్చింది. రెండోది నడుమకు తెగింది.

మహిపాల్ కుండీని కాలితో అదిమిపట్టి, మట్టిలో మిగిలిన మోడును రెండు చేతులతో లాగాడు. నిన్న పొద్దున భార్య విజయశ్రీ మేడ మీదికి వచ్చి చూసేసరికే ఏ బిళ్ళగన్నేరు మొక్కకూ ఆకు లేదు. కొమ్మల చివర గులాబి రంగు పూలు మాత్రం, తమకేమీ పట్టనట్టు, విచ్చుకుని ఉన్నాయి.

"నాయినా, నువ్వు కిందికి పో. నిన్ను జూస్తుంటే నాకు ఇంకింత మండుతుంది."

అంతయ్య కదల్లేదు. నీళ్ళ ట్యాంకు నీడలో, భుజం మీది తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కొడుకు పీకి పడేస్తున్న మొక్కలనే చూస్తున్నాడు.

"కోడలు కాలేజి నుంచి గింజలు తెచ్చి పెంచుకున్నయి గవి," అన్నాడు చివరికి. "ఆమె పరీక్షలకు గావాలె."

"పరీక్ష నువ్వు జేసినవ్ గద! అమ్మ మీద జేసినవ్. ఇంకేం గావాలె?"

పక్క మేడ మీద వడియాలు పెడుతున్న నాగేశ్వరి పిట్టగోడ దగ్గరికి వచ్చింది. వాళ్ళది తెనాలి వైపు. ఈ కాలనీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మాట మారలేదు.

"అయ్యో, ఏంటండీ మహిపాల్ గారూ! పూల మొక్కలేం చేశాయండీ మిమ్మల్ని? మా మావగారు షుగరుకని రోజూ పరగడుపున నాలుగాకులు నమిలేవారు. నిక్షేపంలా ఉండేవారు."

"అయితే మీరే తీస్కపోండి మేడం. మీరే నమలండి."

"నాకెందుకు లెండి బాబూ," అని ఆమె వడియాల దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ అంతయ్య వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో జాలి ఉంది. అంతయ్య దాన్ని తువ్వాలతో తుడుచుకున్నట్టుగా మొహం తుడుచుకున్నాడు.

విజయశ్రీ మెట్ల గుమ్మంలో నిలబడి ఉంది. ఆపమని ఒక్క మాట అంటే మహిపాల్ ఆగేవాడే. ఆ మొక్కలు ఆమె చేతులతో గింజ నాటి పెంచినవి. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఫార్మసీ కాలేజీలో ఆమె పాఠం చెబుతుంది, వాటి ఆకులోని ఆల్కలాయిడ్ల మీద పరిశోధన చేస్తుంది.

ఒక్కో మొక్క ఊడి వస్తుంటే ఆమెకు లోపల ఎక్కడో ఊరటగా ఉంది. జబ్బుకు వేళ్ళు ఉన్నాయి, అవి చేతికి అందుతాయి, లాగితే వస్తాయి. ఆ ఊరట ఎంత నీచమైనదో ఆమెకు తెలుసు. అయినా ఇంకో మొక్క కోసం చూసింది.

*

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ చక్రపాణి రక్త పరీక్ష కాగితం మీది అంకెలను వేలితో పట్టి రెండుసార్లు చదివాడు.

మహిపాల్ తల్లి అండాలమ్మకు మెడ మీద గడ్డలు. లింఫోమా అనే క్యాన్సర్. మూడు విడతల మందు అయింది. గడ్డలు కొంత తగ్గాయి. నాలుగో విడత ఎక్కించాల్సిన రోజున రక్తంలో కణాలన్నీ ఒక్కసారిగా పడిపోయాయి, తెల్లవీ ఎర్రవీ కూడా.

"మందు వల్ల కొంత పడతాయమ్మా. ఇంతగా పడవు," అన్నాడు డాక్టర్. "జబ్బు ఎముక మూలుగలోకి వెళ్ళిందేమో చూడాలి. తుంటి ఎముకలోంచి కాస్త మూలుగ తీసి పరీక్ష చేద్దాం. వెళ్ళి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మందు మార్చాలి, వెంటనే మార్చాలి. అప్పటికి ఇంకా అవకాశం ఉంటుంది."

అప్పుడు విజయశ్రీ చెప్పింది. పొద్దున్నే చూసిన బోసి కొమ్మల సంగతి, వంటింట్లో రోటి అంచున ఆకుపచ్చగా ఎండిన మరక సంగతి, అడగ్గానే తల వంచుకున్న మామ సంగతి. మీరు ఎక్కిస్తున్న మందుల్లో ఒకటి ఆ మొక్క నుంచి వచ్చేదే గదా సార్, మా మామయ్య అదే ఆకు పసరు తీసి నెలన్నరగా రోజూ తాగిస్తున్నాడు, అది ఈ మందుకు తోడై ఉంటుంది, అంది.

ఆమె గొంతులో అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

డాక్టర్ అండాలమ్మ వైపు తిరిగి, "వేళ్ళు మొద్దుబారాయామ్మా? మలబద్ధకం ఏమైనా?" అని అడిగాడు.

"ఏం లేదు సార్. సూదిల దారం ఎక్కిస్త ఇప్పుడు గూడ."

విజయశ్రీ అక్కడ ఆగి ఉండాల్సింది. ఆ మొక్క మందు ఒంట్లో ఎక్కువైతే ముందు చెప్పేవి వేళ్ళే. ఆ మాట ఆమె ఏటా పిల్లలకు చెబుతుంది. బండెడు ఆకు ఎండబెట్టి వడకడితే చిటికెడు మందు కూడా రాదని కూడా చెబుతుంది. నిన్న ఆ రెండు పాఠాలూ తన తలలోనే ఉన్నాయి. వాటి మీద ఎవరో గుడ్డ కప్పారు.

"ఆకులో ఇంకా చాలా ఉంటాయి సార్. ఎన్నో రకాల ఆల్కలాయిడ్లు. ఏది ఏం చేస్తుందో చెప్పలేం," అంది.

డాక్టర్ ఆమెను చూశాడు. పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆ మొక్క మీదే చేసిన మనిషి.

"సరే. మీరు అంత గట్టిగా చెబుతున్నారు కాబట్టి ముందు అది ఆపండి. రెండు వారాలు చూద్దాం. కణాలు లేవకపోతే మూలుగ పరీక్ష."

కారిడార్‌లోకి రాగానే మహిపాల్ గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. "ఆకుతోని అయిందంటవా? ఆపితే సాలంటవా?" అని అడిగాడు. కోపం రావడానికి ముందు అతని మొహంలోకి వెలుగు వచ్చింది. ఆ వెలుగును విజయశ్రీ చూసింది. రాత్రి అతను కడుపునిండా అన్నం తిన్నాడు. తిన్నాక తండ్రిని తిట్టడం మొదలుపెట్టాడు.

*

మహిపాల్ అక్క సంధ్యారాణి బడంగ్‌పేట్ నుంచి ఆటోలో దిగింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏడి నాయిన? ఏడున్నడు వైద్యుడు?"

"అక్కా, జర మెల్లగ. అమ్మ పండుకున్నది," అన్నాడు మహిపాల్.

"మెల్లగనే మాట్లాడ్తున్న. మెల్లగ చంపినోళ్ళ తోని మెల్లగనే మాట్లాడాలె గద."

అంతయ్య హాలులో మూలకు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. కూతురు ఎదురుగా నిలబడింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు గా పసరు తాపుమని? దవాఖాన ఉన్నది, డాక్టర్ ఉన్నడు. నడుమ నువ్వెవనివి?"

అంతయ్య కళ్ళెత్తాడు. విజయశ్రీ వైపు చూసి వెంటనే దించుకున్నాడు. ఆ చూపు చాలు.

"ఓహో," అంది సంధ్యారాణి. "గట్లనా?"

"ఆమె తాపుమనలే," అన్నాడు అంతయ్య. "ఆమె ఏమనలే. నేనే అర్థం జేస్కున్న."

"ఏం అర్థం జేస్కున్నవ్?"

అంతయ్య రెండు చూపుడు వేళ్ళు ఎత్తి పక్కపక్కన పెట్టాడు. మెల్లగా దూరం జరిపాడు.

"గడ్డల ఉండేటి కణం ఒకటి రెండైతదంట. రెండు కావాల్నంటే లోపల పోగులు సాగాలె. గటు కొన్ని, గిటు కొన్ని. మగ్గం మీద పడుగు సాగదీసినట్టే. గీ ఆకుల ఉన్న మందు పోగు సాగనియ్యదు. పోగు లేకుంటే నేత లేదు. కణం ఆడనే ఆగి సస్తది." వేళ్ళు దించాడు. "గంతే గదమ్మా?"

"అంతే మామా," అంది విజయశ్రీ.

అది ఆమె చెప్పిన మాటే. మొదటి విడత మందు ఎక్కించిన రోజు, సీసాలోంచి చుక్కలు దిగుతుంటే, మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఆ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి ఆమె ఏం చదివిందో ఎవరూ అడగలేదు. ఆమె పని ఎవరికీ అర్థం కాలేదు. పుట్టపాకలో మగ్గం అమ్ముకుని కొడుకు వెంట ఎల్బీ నగర్ వచ్చిన అంతయ్యకు, కణాన్ని మగ్గం భాషలో చెప్పగానే ఒక్కసారిగా తెలిసిపోయింది. ఆయన కళ్ళు మెరిశాయి. 'మన మేడ మీది పూలల్లనా?' అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. అవునని ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది. అర్థం చేయించగలిగిన ఆ సుఖంలో ఒక మాట మరిచింది. మోతాదు.

"ఏం చదువు విజయా నీది?" సంధ్యారాణి ఇటు తిరిగింది. "డాక్టరేటు అంటివి. ఫొటో దిగితివి. ఇంట్ల ముసలోడు నీ మొక్కలే నూరుతుంటే నెలన్నర నీకు వాసన రాలేదా?"

"నేను పొద్దున ఏడింటికే పోత వదినా. బస్సు..."

"పోతవమ్మా. అందరం పోతనే ఉన్నం. మా అమ్మనే గీడ ఉన్నది."

"అక్కా, ఆమెననకు," అన్నాడు మహిపాల్. "ఆమె చూసింది కాబట్టే తెలిసింది. లేకుంటే ఇంకా తాపుతనే ఉండేటోడు. ఇప్పుడేం కాలే. ఆపినం గద. లేస్తయి. డాక్టర్ చెప్పిండు లేస్తయని."

డాక్టర్ అలా అనలేదు. చూద్దాం అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో ఆ హాలులో ఒక్క విజయశ్రీకే తెలుసు.

"లేవకపోతే?" అంది సంధ్యారాణి.

మహిపాల్ వెళ్ళి ఫ్యాను పెంచాడు.

"లేస్తయి," అన్నాడు అంతయ్య మూల నుంచి. "నాతోని అయిన పనే గద. నేను ఆపినంక లేస్తయి."

"సిగ్గు లేకుంట మల్ల మాట్లాడ్తున్నవ్," అంది కూతురు. ఆ మాట అన్నాక గోడ వైపు తిరిగి ఏడ్చింది.

*

మధ్యాహ్నం అన్నాల దగ్గర అంతయ్య కూర్చోలేదు. ఎవరూ రెండోసారి పిలవలేదు. మహిపాల్ మామిడికాయ పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. బాటసింగారం మార్కెట్లో, తను లెక్కలు చూసే కమిషన్ దుకాణంలో, ఎవరికో ఇలాగే కణాలు పడిపోయి మళ్ళీ లేచిన కథ చెప్పాడు. సంధ్యారాణి వింటూ మెత్తబడింది. 'నేను గూడ విన్న గసొంటిది' అంటూ ఇంకొకటి చెప్పింది.

ఇద్దరూ ఆకును తిడుతున్నారు. తిడుతూ తింటున్నారు.

విజయశ్రీ వాళ్ళను చూస్తూ ఒక సంగతి గమనించింది. తప్పు దొరికిన ఇంట్లో ఆకలి వేస్తుంది. తప్పు ఎవరిదీ కాకపోతేనే ఎవరికీ ముద్ద దిగదు.

*

అండాలమ్మ నిద్రపోవడం లేదు. దిండుకు ఆనుకుని, కూతురి కొత్త చీర కొంగు ఒళ్ళో వేసుకుని, అంచున దారాలకు కుచ్చులు ముడుస్తోంది. జుట్టు రాలిన తలకు చుట్టుకున్న గుడ్డ వదులై చెవి మీదికి జారింది.

విజయశ్రీ చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె చూపు ఆ వేళ్ళ మీదే ఉంది. బొటనవేలూ చూపుడువేలూ దారాన్ని పట్టి, మెలిపెట్టి, ముడి వేసి, వదిలి, పక్క దారానికి పోతున్నాయి. పెళ్ళయిన నాటి నుంచి ఊరు విడిచేదాకా ఆసు చట్రం మీద మేకు నుంచి మేకుకు నూలు పోసిన చెయ్యి అది. దానికి కళ్ళతో పనిలేదు.

"తిమ్మిర్లు లెవ్వా అత్తమ్మా?"

"మొదట జరుండె. ఇప్పుడు మంచిగనే ఉన్నయి."

చాయ్ పెట్టడానికి విజయశ్రీ కిటికీ దగ్గరికి జరిగింది. గ్రిల్లులో పాత పెయింటు డబ్బా. దాంట్లో కరివేపాకు మొక్క. మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర.

డబ్బాలో మట్టి కనిపించడం లేదు. దాని మీద ఆకుపచ్చని చెక్కు కట్టి ఉంది. ఎండి, పగిలి, పగుళ్ళ కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. విజయశ్రీ వేలితో ఒక పెంకు లేపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ప్రయోగశాలలో వడపోత కాగితాల మీద రోజూ మిగిలే వాసన.

కాళ్ళ కింద నేల కాదు, ఆమెను ఇప్పటిదాకా నిలబెట్టిన ఆ ఒక్క కారణం కదిలింది.

"ఇదేంది అత్తమ్మా?"

అండాలమ్మ ముడి ఆపలేదు. "తలుపు దగ్గరికెయ్."

విజయశ్రీ తలుపు వేసి వచ్చింది.

"ఒక్కపూట తాగిన. మొదటి పూట. కడుపుల దేవి అంత కక్కిన. మల్ల తాగలే."

"రోజూ మామయ్య గిలాస ఇచ్చి ముందటనే కూసుంటుండె గద?"

"నోట్ల వట్టుకుంట. చేదున్నది, జర బెల్లం ముక్క తేపో అంట. వంటింట్లకు పోతడు." గడ్డం కిటికీ వైపు ఊపింది. "గంతల అయిపోతది. బెల్లం మాత్రం రోజు తిన్న. గది మంచిగుండె."

ఆమె నవ్వింది. విజయశ్రీ నవ్వలేకపోయింది.

"ఎందుకు చెప్పలే మరి?"

"ఏమని చెప్పాలె? మగ్గం అమ్మినంక గా మనిషి చేతులకు పనే లేదు. కుర్చీల కూసుండి గోడ జూసుడు. గిప్పుడు పొద్దుగాల లేసి ఆకు తెంపుడు, కడుగుడు, నూరుడు, గుడ్డల ఏసి పిండుడు... మొఖం జూసినవా నువ్వు? మల్ల మనిషైండు. నేనెట్ల వద్దనాలె?"

"నిన్న డాక్టర్ ముందటన్న చెప్పాల్సింది. ఆయన ఎముక పరీక్ష..."

"గందుకే చెప్పలే." అండాలమ్మ దారం కొనను పంటితో తెంపింది. "గా సూది ఒకసారి పొడిపిచ్చుకున్న. ఎముకల దాకా దించిండ్రు. ఇంక నాతోని కాదు. నువ్వు ఆకు అన్నవ్, నాకు పానం లేసొచ్చింది. నీ మాట గాబట్టి డాక్టర్ ఇన్నడు."

విజయశ్రీ మంచం అంచున కూర్చుంది. ఆకు కాకపోతే ఇంక ఒకటే మిగిలింది. జబ్బు మూలుగలోకి దిగడం, డాక్టర్ చెప్పినదే. వెంటనే మందు మార్చాలి, అప్పటికి ఇంకా అవకాశం ఉంటుంది. ఆ అవకాశంలోంచి రెండు వారాలు తనే తీసుకుంది. తీసుకుని, అందరికీ పంచింది.

"సూడు బిడ్డ. నువ్వు సదువుకున్నదానివి. నిన్న గట్ల చెప్పినవ్ గద, నీకు నిజంగ ఎర్క లేదా? ఆకుతోని కాదని?"

తనకు ఎరుక ఉందో లేదో విజయశ్రీ లోపల వెతికింది. అక్కడ ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకరికి తెలుసు. ఇంకొకరు ఆ ఒకరి నోరు మూసి పట్టుకున్నారు. మూసిన చెయ్యీ తనదే.

"ఎర్కనే," అంది అండాలమ్మ, ఆమె తరఫున. "రాత్రి మహి కడుపునిండ తిన్నడు. నాకు గీడికి ఇనొచ్చింది, ఇంకింత పెట్టుమనుడు. ఎన్నాళ్ళయిందో. గీ రెండు వారాలు ఉండనీ. చెప్పకు."

"మామయ్య మీద పడ్తున్నది అత్తమ్మా. వదినె ఏమేమన్నదో ఇన్నవ్ గద."

అండాలమ్మ చేతులు మొదటిసారి ఆగాయి.

"గదొక్కటే," అంది. తల గుడ్డను చెవి మీంచి పైకి జరుపుకుని, "గది నేను చూసుకుంట. ఒకనాడు నేనే చెప్త ఆయనకు. తాగలేదని," అంది. మళ్ళీ దారం అందుకోబోయి, ముడి ఎక్కడ విడిచిందో వెతుక్కుంది.

*

"ప్రాక్టికల్స్ ఉన్నయి. కాలేజికి పోయొస్త," అని చెప్పి విజయశ్రీ బయటపడింది.

సాయంత్రం డాక్టర్ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటాడు. చెప్పేస్తే అయిపోతుంది. తాగలేదు సార్, నా మాట తప్పు, రేపే పరీక్ష చేయండి. నాలుగు ముక్కలు. రింగ్ రోడ్ ఫ్లైఓవర్ కింద నడుస్తూ ఆ నాలుగు ముక్కలను కూడబలుక్కుంది. చివరి ముక్క దగ్గర ప్రతిసారీ అండాలమ్మ తుంటి ఎముక అడ్డం వచ్చింది. ఎవరి ఒళ్ళు, ఎవరి నిర్ణయం? చెప్పొద్దన్న మనిషిని బతికించడం ప్రేమా, తన తప్పును దిద్దుకోవాలన్న తొందరా? తనలో ఆ రెండింటినీ వేరు చేసే వడపోత లేదు.

మెట్రో మెట్లెక్కుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"కాలేజి ఇటు కాదు గద బిడ్డా."

అంతయ్య. ఆయాసపడుతున్నాడు. తువ్వాల తల మీదికి వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ బస్సులు విజయవాడ దారిన పోతాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన తిరిగి పొమ్మంటే పోయేటట్టు లేడు. ఇద్దరూ రైలెక్కారు. మొదటి స్టేషను కాబట్టి సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా ఆయన కూర్చోలేదు. నిలువు కమ్మీ పట్టుకుని, పక్కనే నిలబడిన కోడలి వైపు చూడకుండా అడిగాడు.

"డాక్టర్ కాడికేనా?"

"ఊఁ."

"నా గురించి చెప్తవా?"

"మామా, మీ తప్పు..." ఆమె మాట కూడదీసుకుంది. "మీ తప్పేం లేదు."

"ఉన్నది." ఆయన గొంతు పెంచలేదు. "నాదే తప్పు. గట్లనే చెప్పు డాక్టర్‌కు. నిన్న చెప్పినట్టే."

విక్టోరియా మెమోరియల్ స్టేషను వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కిటికీలోంచి నీళ్ళ ట్యాంకులూ, ఆరేసిన బట్టలూ, మేడల మీద పూల కుండీలూ వెనక్కి పోతున్నాయి.

"మామా, అత్తమ్మ అసలు..."

"ఎర్కనే."

ఆమె తలెత్తింది.

"గా కరివేపాకు డబ్బకు నీళ్ళు పోసేది నేనే గద."

రైలు వంపు తిరిగింది. ఆయన కమ్మీని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు.

"ఎప్పటి నుంచి ఎర్క?"

"రెండోనాడే జూసిన. బెల్లం తెచ్చి ఇస్తుంటే కిటికీ దిక్కు సూడకుంట సూడకుంట కూసున్నది. దొంగతనం రాదు ఆమెకు."

"మరి ఎందుకు నూరిండ్రు? రోజూ?"

"మరేం జెయ్యమంటవ్?"

రైలు చైతన్యపురి స్టేషను దాటింది. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"పొద్దటి సంది అందరు నన్ను తిడుతుండ్రు. కొడుకు, బిడ్డ. నాకు ఎంత నిమ్మళంగ ఉన్నదో నీకు చెప్పలేను. వాళ్ళు తిడుతున్నంత సేపు అది నాతోని అయినట్టే గద. నాతోని అయిందైతే నేను ఆపుతే ఆగుతది. గంతే గదమ్మా? నువ్వే చెప్పినవ్ డాక్టర్‌కు."

ఆయన ఇప్పుడు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో మొదటి విడత మందు రోజున మెరిసిన మెరుపే ఉంది. 'మన మేడ మీది పూలల్లనా?' అని అడిగినప్పటిది.

"పోగు తెంపకు బిడ్డా," అన్నాడు. "తాగిందని చెప్పు."

దిల్‌సుఖ్‌నగర్ స్టేషను వచ్చిందని రైలులో గొంతు మూడు భాషల్లో చెప్పింది. తలుపులు తెరుచుకున్నాయి. సంచులు వీపున వేసుకున్న కోచింగ్ పిల్లలు నవ్వుకుంటూ లోపలికి తోసుకొచ్చారు. విజయశ్రీ వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టింది.

భుజం దగ్గర ఏదో లాగింది. వెనక్కి చూసింది. అంతయ్య లోపలే ఉన్నాడు. ఆమె సంచి పట్టీని రెండు వేళ్ళతో, మగ్గం మీద తెగబోతున్న పోగును పట్టుకున్నట్టు, మెత్తగా పట్టుకుని ఉన్నాడు.

విదిలిస్తే వదిలేసేంత మెత్తగా.

తలుపులు మూసుకోబోతున్నట్టు మోత మొదలైంది.